అమ్మమ్మ చేతిలో పని అమ్మమ్మకే ఉంచు

వినగడప,
కార్తీకం.

చి. అమ్మలుకు తాతయ్య దీవించి రాసేది.

చేలో పత్తి రెండో తీతకు వచ్చింది, కట్టలేరులో నీళ్ళు తగ్గి తోటమూల వైపు రాకపోకలు మళ్ళీ మామూలయ్యాయి, పెరట్లో చిక్కుడు పందిరి నిండా పూత పట్టింది, మీ అమ్మమ్మ రోజూ పొద్దున్నే ఆ పందిరి దగ్గర నిలబడి ‘అమ్మలు వచ్చేసరికి కాయ దిగుతుందంటారా’ అని అడుగుతోంది, నిన్న అడిగిన సంగతి గుర్తులేక ఇవాళ మళ్ళీ అడుగుతోంది. నేను కూడా ఇవాళే మొదటిసారి విన్నట్టు ‘దిగుతుంది’ అంటున్నాను.

మొన్న ఫోనులో ‘తాతయ్యా, అమ్మమ్మకి చక్రాల కుర్చీ చూశాను, ఆర్డరు పెట్టేయనా’ అని నువ్వు అడిగితే, ‘ఇప్పుడే వద్దు తల్లీ, ఉత్తరం రాస్తాను’ అన్నాను. ఫోను మోగితే చాలు ఆవిడ పక్కకొచ్చి కూర్చుంటుంది, ఆవిడ గురించి ఆవిడ ముందే మాట్లాడుకోవడం నాకు ఇష్టం ఉండదు. పైగా ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద రాసిన చేయి నాది, చేత్తో రాస్తేనే నా ఆలోచన ఒక దారిన పడుతుంది. కాబట్టి ఓపిగ్గా చదువు. మధ్యలో ఆపి మళ్ళీ చదివినా ఫరవాలేదు.

నీ మనసు ఎలాంటిదో నాకు చిన్నప్పుడే తెలుసు. వేసవి సెలవులకు మన ఊరు వచ్చినప్పుడు, మన వీధి చివరింటి ముసలాయన, చూపు ఆనని ఆయన, పింఛను కోసం పంచాయతీ ఆఫీసు దాకా వెళ్ళాల్సి వచ్చేది (ఇప్పుడు ఒకటో తారీకున సచివాలయం వాళ్ళే గుమ్మంలోకి వచ్చి ఇస్తున్నారు, అదొక మేలు), ఆ ఎండలో నువ్వు ఆయన కర్ర కొస పట్టుకుని, ఆయన అడుగుకి నీ అడుగు కలిపి, ఆయన ఆగితే ఆగి, వేపచెట్టు కింద ఆయన కూర్చుంటే నువ్వూ పక్కన కూర్చుని, మళ్ళీ ఆయన లేస్తేనే లేచి, పావుగంట దారిని గంట చేసుకుని తీసుకెళ్ళేదానివి. మీ అమ్మ ‘అన్నం చల్లారిపోతోంది, ఆటో మాట్లాడి పంపిస్తే పోయేదిగా’ అని కేకేస్తే, ‘తాత నడవగలడమ్మా, దారే కనపడదు’ అన్నావు. ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో నీకప్పుడు. ఆ మాట నేను ఎన్ని చోట్ల ఎంతమందికి చెప్పుకుని మురిసిపోయానో. ఆయనకు లేనిదేమిటో చూసి అంతవరకే సాయం చేశావు, ఉన్నదాన్ని ఆయనకే వదిలేశావు. ఇవాళ నేను నీకు చెప్పబోయేదంతా ఆ రోజు నువ్వు చేసి చూపించిందే.

దసరాకి వచ్చినప్పుడు నువ్వు అమ్మమ్మని అడుగు కింద పెట్టనివ్వలేదు. పొద్దున్నే చీపురు ఆవిడ చేతిలోంచి తీసుకున్నావు, కత్తిపీట అటక మీద పెట్టించావు, మంచినీళ్ళు మంచం దగ్గరికి, కాఫీ మంచం దగ్గరికి, అన్నం కూడా పళ్ళెంలో కలిపి మంచం దగ్గరికే తెచ్చావు, ‘ఇన్నాళ్ళూ నువ్వు మాకు చేశావు, ఇక కాలు మీద కాలేసుకుని కూర్చో అమ్మమ్మా’ అన్నావు. ఊరంతా చెప్పుకుంది ఆవిడ. ఇప్పటికీ అరుగు మీద ఎవరు కూర్చున్నా నీ ముచ్చటే. మన ఇళ్ళలో పెద్దవాళ్ళని కూర్చోబెట్టడమే గౌరవం, వాళ్ళ చేతిలో పని అందుకోవడమే ప్రేమ. మా నాయనమ్మకి మా అమ్మ అలాగే చేసింది, మా అమ్మకి మీ అమ్మమ్మ అలాగే చేసింది. నువ్వు చూస్తూ పెరిగింది ఈ పద్ధతే, వేరేలా ఎలా చేస్తావు?

కానీ అమ్మలూ, నువ్వు హైదరాబాదు బస్సెక్కిన సాయంత్రం ఆవిడ నన్నొక మాట అడిగింది. ‘ఏమండీ, నేనిప్పుడు దేనికీ పనికిరానా?’ అంది. బాధపడుతూ అడగలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నేను కత్తిపీట దింపించి, గోంగూర కట్ట ముందు పెట్టాను. ఆకు ఒలుస్తూ మధిరలో తన చిన్నప్పటి సంగతులు చీకటి పడేదాకా చెప్పింది, ఒక్క పేరు కూడా తడుముకోలేదు.

నీకు తెలిసిన అమ్మమ్మ అప్పటికే సగం తగ్గిన మనిషి. అసలు మనిషిని చూడాలంటే ఇంకా వెనక్కి వెళ్ళాలి. మీ అమ్మకి ఇంకా పాలపళ్ళు ఊడుతున్న రోజుల్లో ఒక ఏడు వాన వదలకుండా కురిసి కట్టలేరు పొంగింది, దారి మునిగి అవతలికి వెళ్ళాల్సినవాళ్ళంతా మన ఊళ్ళోనే ఆగిపోయారు, చంటిపిల్లల తల్లులు, సంతకి వచ్చి తిరిగి పోలేనివాళ్ళు, బడి వరండాలో తడి బట్టలతో కూర్చున్నారు. నేను తాళం తీసి గదులు చూపించి ఇంటికొచ్చేసరికి మీ అమ్మమ్మ పెళ్ళిళ్ళకి వాడే గుండిగ పొయ్యి మీదకి ఎక్కించేసింది, ముద్దపప్పు, అన్నం, చింతకాయ పచ్చడి. ఉడికిన గుండిగని ఇటు ఒక గుడ్డ అటు ఒక గుడ్డ పట్టుకుని ఒక్కతే దించింది, నేను చేయి వేయబోతే ‘జరగండి, కాలుతుంది’ అంది. తెల్లారేదాకా వాళ్ళ మధ్య తిరుగుతూనే ఉంది. వరి నాట్లలో నడుం వంచితే గట్టు చేరేదాకా ఎత్తేది కాదు. మిరపకాయ టిక్కీలు బండిలోకి ఎక్కించడానికి కూలీలకు చేయందించేది. ఆ కండ ఆవిడ ఏ కసరత్తుశాలలోనూ పెంచలేదు, ఇల్లూ పొలమూ పెంచాయి.

మొన్న వానాకాలంలో జ్వరం పడి ఆసుపత్రిలో ఉన్నది నీకు తెలిసిందే. ప్లేట్‌లెట్లు పడిపోయాయని సెలైన్లు పెట్టి మంచం దిగనివ్వలేదు. అది అవసరమే, ఆ డాక్టర్లు ఆవిడ ప్రాణం నిలబెట్టారు. జ్వరం తగ్గింది, రక్తం సరిపడింది, ఇంటికొచ్చాక మాత్రం మూడు మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. నాకప్పుడు అంతుపట్టలేదు, తర్వాత చదివితే తెలిసింది. 2007లో అమెరికాలో పన్నెండు మంది పెద్ద వయసువాళ్ళని, ఏ జబ్బూ లేనివాళ్ళని, పది రోజులు మంచం మీదే ఉంచి చూశారట. రోజుకు ఎంత మాంసకృత్తులు కావాలో అంతా పెట్టారు. అయినా సగటున ఒక్కొక్కరి కాళ్ళలోంచి దాదాపు కిలో కండ పోయింది. ఆరోగ్యంగా ఉండి, తిండి తింటూ, పది రోజులకే అంత. జ్వరంతో, నోరు చేదై, రెండు ముద్దలు కూడా దిగని మీ అమ్మమ్మకి ఎంత పోయి ఉంటుందో నువ్వే అనుకో.

ఆ తర్వాత మతిమరుపు మొదలైంది. మొదలైంది అనడం కూడా సరికాదేమో, అంతకుముందు పనుల హడావుడిలో బయటపడకుండా ఉండి, కూర్చోగానే కనపడిందేమో. పాలవాడి లెక్క వేళ్ళ మీద చెప్పే మనిషి క్యాలెండరులో గీతలు ఎందుకు గీశానో అని చూస్తూ నిలబడింది. పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. నీ పేరు మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు, ఆ బెంగ పెట్టుకోకు.

మన ఊళ్ళో ఎవరైనా పెద్దాయన తగ్గిపోతుంటే ఆడవాళ్ళు ముందు చూసేది కణతలే. ‘కణతలు లోతుకు పోయాయి, ఇక జాగ్రత్తగా చూసుకోవాలి’ అంటారు. మీ అమ్మమ్మ కణతలు నేను దీపావళి దీపాల వెలుగులో చూశాను, నాకు గుండె జారింది. ఆ మధ్య పేపర్లో చదివిన ఒక వార్త అప్పుడు గుర్తొచ్చి మా పాత విద్యార్థి ఒకడి చేత ఫోనులో వెతికించి మళ్ళీ చదివించుకున్నాను. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2024 చివర్లో షికాగోలో జరిగిన రేడియాలజిస్టుల సభలో చెప్పిన సంగతి అది. నమలడానికి ఉపయోగపడే కండరం ఒకటి కణత దగ్గరే ఉంటుంది. మెదడు కోసం తీసే ఎమ్మారై బొమ్మలో అది కూడా పడుతుంది. సగటున 77 ఏళ్ళ వయసున్న 621 మంది బొమ్మల్లో, అప్పటికి డిమెన్షియా లేనివాళ్ళవే, ఆ కండరం ఎంత ఉందో కొలిచి, ఆరేళ్ళకు కాస్త తక్కువగా వాళ్ళని గమనిస్తూ వచ్చారు. ఆ కండరం చిన్నగా ఉన్నవాళ్ళకి డిమెన్షియా వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే 60 శాతం దాకా ఎక్కువగా కనపడింది. కణత కండ తగ్గిందంటే ఒళ్ళంతా కండ తగ్గుతోందన్నమాట. మన ఆడవాళ్ళు వాకిట్లో నిలబడి కంటితో చూసేదాన్నే వాళ్ళు బొమ్మ తీసి కొలిచారు.

ఇదొక్కటే కాదు. అదే షికాగోలో రష్ విశ్వవిద్యాలయం వాళ్ళు అంతకు పదిహేనేళ్ళ ముందే, 2009లో, తొమ్మిది వందల మందికి పైగా పెద్దవాళ్ళ చేతుల బలం, కాళ్ళ బలం కొలిచి కొన్నేళ్ళు చూశారు. బలంలో పైనున్న పదో వంతు మందికి, అడుగునున్న పదో వంతు మంది కంటే అల్జీమర్స్ వచ్చే అవకాశం 61 శాతం తక్కువ. కండ తరుగుదలకు సార్కోపీనియా అని 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ పేరు పెడితే, అమెరికాలో జబ్బుల పట్టీలో దానికి ఒక అంకె ఇవ్వడానికి 2016 దాకా పట్టింది. అంతకాలం దాన్ని ‘వయసు’ అని ఊరుకున్నారు. మనమింకా అలాగే ఊరుకుంటున్నాం.

నువ్వు లెక్కలు చదివిన పిల్లవి, వెంటనే అడుగుతావు: ‘తాతయ్యా, కండ పోతే మతి పోతోందా, మతి పోతుండగా కండ పోతోందా?’ అని. మంచి ప్రశ్న. రెండూ ఉన్నాయి. డిమెన్షియా బయటపడక కొన్నేళ్ళ ముందునుంచే మనిషి సరిగా తినడు, కదలడు, బరువు తగ్గుతాడు. అంటే మెదడులో మొదలైనది ముందు ఒంట్లో కనపడొచ్చు. ఇటునుంచి అటూ దారులున్నాయి. తిన్న అన్నంలోని చక్కెరలో పెద్ద వాటాని తీసుకునేది కండే. కండ తగ్గితే చక్కెర రక్తంలో నిలవుంటుంది, అది మెదడు రక్తనాళాలకు మంచిది కాదు. కదిలే కండ కొన్ని పదార్థాలను రక్తంలోకి వదులుతుంది, వాటిలో ఐరిసిన్ అనే దాన్ని 2012లో హార్వర్డ్‌లో బ్రూస్ స్పీగెల్‌మన్ బృందం కనిపెట్టింది, 2019లో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు ఎలుకల్లో అది జ్ఞాపకశక్తిని కాపాడుతోందని చూపించారు. ఎలుకల్లో తేలిందంతా మనుషుల్లో తేలినట్టు కాదు, కాబట్టి దాన్ని పట్టుకుని ఊగిపోవడం నాకు నచ్చదు. మామూలు దారి ఇంకొకటుంది, దానికి ప్రయోగశాల అక్కరలేదు: కాళ్ళలో బలం లేనివాళ్ళు గడప దాటరు, గడప దాటనివాళ్ళతో మాట్లాడేవాళ్ళుండరు, నలుగురితో మాటలేని మనసు మందగిస్తుంది. పడితే తలకు దెబ్బ, అది వేరే ప్రమాదం.

కండని నేను గాదెగా చూస్తాను. పంట ఉన్నప్పుడు నిండుతుంది, కరువులో ఇల్లంతా దాని మీదే బతుకుతుంది. జబ్బు పడినప్పుడు ఒళ్ళు గాయాలు మాన్పడానికి, రోగంతో పోరాడడానికి కావలసిన సరుకు కండలోంచే తీసుకుంటుంది. మీ అమ్మమ్మ జ్వరంలో గాదె అడుగంటింది. మళ్ళీ నింపుకోవడానికి పని కావాలి, తిండి కావాలి. మనం తిండి మంచం దగ్గరికి తెస్తున్నాం, పని తీసేస్తున్నాం.

మన దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో నూటికి 7 మందికి పైగా, అంటే 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన పెద్ద అధ్యయనం ఒకటి లెక్క వేసింది. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో ఎక్కువ, పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువ. పల్లెటూరి ఆడవాళ్ళు జీవితమంతా ఒళ్ళొంచి పనిచేసినవాళ్ళు కదా, వాళ్ళకెందుకు ఎక్కువ అని నేను చాలా ఆలోచించాను. చదువు లేకపోవడం ఒక పెద్ద కారణమంటున్నారు, బడి మెదడుకి ఇచ్చే బలం వాళ్ళకి అందలేదు. నాకు తోచిన ఇంకో సంగతి ఏమిటంటే, మన పల్లెటూరి ఆడమనిషి చివర తింటుంది, మిగిలింది తింటుంది, పప్పు అడుగున నీళ్ళూ పచ్చడీ ఆవిడ వాటా. అరవై ఏళ్ళు అలా తిన్న ఒంట్లో గాదె ఎప్పుడు నిండింది గనక? మీ అమ్మమ్మని అయిదో తరగతితో మాన్పించారు. నా దగ్గర చదువుకున్న ఆడపిల్లల్లో తెలివైనవాళ్ళు ఎందరో అలాగే ఆగిపోయారు, ఆ బాధ నాకు ఇంకా ఉంది.

అయితే ఆవిడకి ఒక ఆస్తి ఉంది. పుట్టిల్లు మధిర కదా, పక్కింటి సాయిబుల పిల్లలతో పెరిగి ఉర్దూ కూడా ధారాళంగా మాట్లాడుతుంది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టరు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ప్రచురించిన పరిశోధన ప్రపంచమంతా చదివింది: రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి ఆ జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వచ్చింది, అక్షరం రానివాళ్ళలో కూడా ఆ తేడా కనపడింది. మన వాళ్ళ మీద మన వాళ్ళు చేసిన పని అది. నువ్వు వచ్చినప్పుడు అమ్మమ్మ చేత ఉర్దూ మాట్లాడించు, నీకూ నాలుగు ముక్కలు వస్తాయి, ఆవిడకి నవ్వూ వస్తుంది.

ఇప్పుడు ధైర్యం చెప్పే సంగతి. మరియా ఫియటరోన్ అని ఒక డాక్టరమ్మ ఉంది. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల ఆశ్రమంలో తొంభై ఏళ్ళ వాళ్ళు పదిమంది చేత, ఎనిమిది వారాలు, కాళ్ళతో బరువులు ఎత్తించింది. అందరూ బలహీనులే. అంత వయసులో బరువులా అని ఎవరైనా భయపడతారు. ఎనిమిది వారాలకు వాళ్ళ కాళ్ళ బలం రెండున్నర రెట్లు దాటింది, కర్ర వదిలేసి నడిచినవాళ్ళు కూడా ఉన్నారు. నాలుగేళ్ళకు వందమందితో మళ్ళీ చేసి చూసినప్పుడు ఇంకొకటి తేలింది: కసరత్తు లేకుండా బలవర్ధక పానీయం మాత్రమే తాగినవాళ్ళకి ఏమీ ఒరగలేదు. అందుకే నువ్వు పంపిస్తున్న పొడి డబ్బాలు ఒక్కటే చాలవంటున్నాను తల్లీ. ఆ డాక్టరమ్మే తర్వాత ఆస్ట్రేలియా వెళ్ళి, సిడ్నీలో, మతిమరుపు మొదలైన వందమందిని తీసుకుని కొందరిచేత ఆరు నెలలు బరువుల కసరత్తు చేయించింది. వాళ్ళ ఆలోచన మెరుగుపడింది, బలం ఎంత పెరిగితే బుద్ధి చురుకూ అంత పెరిగింది. డిమెన్షియా ముదిరాక వెనక్కి తెస్తుందని ఎవరూ అనలేదు, నేనూ అనను. ఇంకా గీత దాటనివాళ్ళకి దారి ఉంది అంటున్నాను, మీ అమ్మమ్మ ఇంకా గీతకి ఇవతలే ఉంది.

విజయవాడలో డాక్టరు గారు రక్త పరీక్షల్లో బి12 తక్కువని చెప్పి ఇంజెక్షన్లు రాశారు, థైరాయిడ్ బాగానే ఉంది. బి12 తగ్గినా మతి మందగిస్తుందట, అందుకే మతిమరుపు అనగానే వయసని సరిపెట్టుకోకుండా ముందు పరీక్షలు చేయించాలని ఆయన అన్న మాట నాకు బాగా నచ్చింది. అక్కడి ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పినవి మూడే: చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, గోడని చేతులతో నెట్టడం. కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే కండ బలం తగ్గినట్టు అనుమానించాలని ఆసియా దేశాల నిపుణులు 2019లో నిర్ణయించారు. ఆడవాళ్ళ పిక్క చుట్టుకొలత 33 సెంటీమీటర్ల లోపు ఉన్నా అంతే. మొదట్లో మీ అమ్మమ్మ ఐదోసారి లేవకుండానే కూర్చుండిపోయి ‘ఇక నా వల్ల కాదు’ అంది. ఇప్పుడు ఐదూ లేస్తోంది, సెకన్లు చూసేది నువ్వు, ఫోను తెచ్చుకో. జపానులో పెద్దవాళ్ళు రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి పిక్క చుట్టూ పట్టి చూసుకుంటారట, వేళ్ళకీ పిక్కకీ మధ్య సందు ఉంటే జాగ్రత్త పడతారు. కాళ్ళకి నూనె రాసేటప్పుడు నువ్వు అలా చూడు, ఆవిడకి చెప్పకుండా చూడు.

తిండి సంగతి నీకే అప్పజెబుతున్నాను, నా మాట వినదు. ఈ వయసులో ఒంటి బరువు ప్రతి కిలోకీ ఒక గ్రాముకి తగ్గకుండా మాంసకృత్తులు కావాలంటారు, మూత్రపిండాలు బాగున్నవాళ్ళకే ఈ లెక్క, ఆవిడవి బాగున్నాయని డాక్టరు చెప్పారు. యాభై కిలోల మనిషికి యాభై గ్రాములు. గుడ్డుకి ఆరు గ్రాములు, గ్లాసు పాలకి ఇంచుమించు అంతే, గుప్పెడు కందిపప్పుకి ఏడు. రాత్రి పూట ఆవకాయ అన్నంతో, పొద్దున ఒక్క ఇడ్లీతో అది ఎక్కడ వస్తుంది? కార్తీక సోమవారాలు మానమని నేను అనను, అది ఆవిడ నమ్మకం, నక్షత్రం చూసి తినే ఆ ఒక్క పూటలో ముద్దపప్పూ పెరుగూ దండిగా ఉండేటట్టు చూడు. కట్టుడుపళ్ళు వదులయ్యి నమలలేక మెత్తటి అన్నానికి అలవాటు పడుతోంది, వాటిని సరిచేయించాలి. నమలకపోతే ఆ కణత కండకి పనేది?

అన్నిటికంటే ముఖ్యమైనది పని. పనిమనిషికి నేను చెప్పాను, నువ్వు కూడా చెప్పు: ఇల్లు తను ఊడవనీ, వాకిట్లో ముగ్గు మాత్రం అమ్మగారే వేస్తారు. బట్టలు తను ఉతకనీ, దండెం మీద ఆరేసేది అమ్మగారే. చిక్కుడుకాయ ఈనెలు తీయడం, బియ్యంలో రాళ్ళు ఏరడం, తులసికి నీళ్ళు పోయడం, సాయంత్రం రామాలయం దాకా నడిచి వెళ్ళి నలుగురితో కూర్చుని రావడం, ఇవన్నీ ఆవిడవి. ఆలస్యమవుతాయి. ముగ్గు వంకర పోతుంది, చిక్కుడుకాయలో పుచ్చుది పడుతుంది. పడనీ. పడిపోతుందేమోనని నాకూ గుండెలో దడగానే ఉంటుంది, వాకిట్లోకి వెళ్తుంటే రెండడుగుల వెనక నిలబడతాను, చేయి పట్టుకోను, పట్టుకోగలిగినంత దగ్గరలో ఉంటాను. ఆ చక్రాల కుర్చీకి అనుకున్న డబ్బుతో స్నానాల గదిలో గోడకి స్టీలు కడ్డీలు, మెట్ల పక్కన పట్టుకోవడానికి రెయిలింగు, రాత్రిపూట దారిలో చిన్న లైట్లు పెట్టిద్దాం. కుర్చీ అవసరమయ్యే రోజు వస్తే నేనే నీకు ఫోను చేసి అడుగుతాను, మొహమాటపడను.

నీ సంగతి కూడా ఒక మాట. పొద్దున కూర్చుంటే రాత్రికి లేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ముప్ఫై, నలభై ఏళ్ళ దాకా కూడబెట్టుకున్న కండే ముసలితనానికి మిగులుతుంది, అది ఇప్పుడే కూడబెట్టుకోవాలి. లిఫ్టు వదిలి మెట్లెక్కు, గుడ్డు తిను. ఇంత దూరం నుంచి అంతకంటే ఏం చెప్పను.

ఇంకొక్క పని మిగిలింది, అది నీతోనే అవుతుంది. అమ్మమ్మకి ఎడమ చెవి బొత్తిగా వినపడటం లేదు. వినికిడి తగ్గడం కూడా డిమెన్షియాకి దారితీసే కారణాల్లో ఒకటని లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2024లో ఇచ్చిన నివేదికలో ఉంది, యంత్రం పెట్టించవచ్చు. నేను చెబితే ‘నాకు బాగానే వినపడుతోంది’ అంటోంది, నువ్వు చెబితే కాదనదు. వచ్చే శనివారం ఉదయం పదకొండింటికి విజయవాడలో చెవి డాక్టరు దగ్గర పేరు రాయించాను. శుక్రవారం రాత్రికి తిరువూరు చేరుకో, బస్టాండులో నేనుంటాను. కాగితాలన్నీ సంచిలో పెట్టాను, ఒక్కటే గుర్తుపెట్టుకో: ఆసుపత్రిలో వాళ్ళు చక్రాల కుర్చీ తెస్తారు, వద్దని చెప్పి ఆవిడ పక్కన నడువు.

దీవెనలతో,
తాతయ్య